మౌత్ ఆర్గాన్ మనది కాలేదెందుకు?

హార్మోనియాన్ని సొంతం చేసుకున్న దేశానికి దాని చిన్న తోబుట్టువు ఇంకా దిగుమతి సరుకే

1975లో విడుదలైన 'షోలే' చిత్రాన్ని చూసినవారెవరూ ఆ సాయంసంధ్యా దృశ్యాన్ని మరచిపోలేరు. ఠాకూర్ ఇంటి ఆవరణలో కూర్చుని జై పాత్రధారి అమితాబ్ బచ్చన్ మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే, ఎదుటి వసారాలో ఒక్కొక్క దీపమే ఆరిపోతుంటుంది. తెరపై పెదవులు కదిపినది నటుడైనా, ఆ నాదం పలికించినవాడు రాహుల్‌దేవ్ బర్మన్ వాద్యబృందంలోని భానూ గుప్తా. అంతకు ముందు 1958లో వచ్చిన 'సోల్వా సాల్' చిత్రంలో హేమంత్ కుమార్ పాడిన ప్రసిద్ధ గీతానికి మౌత్ ఆర్గాన్ వాయించినవాడు స్వయంగా రాహుల్‌దేవ్ బర్మనే. 1964 నాటి 'దోస్తీ' చిత్రంలో వినిపించినదీ ఆయన వాద్యమే. కలకత్తాలో మిలన్ గుప్తా ఈ చిన్న వాద్యాన్ని కచేరీ వేదిక మీదికి ఎక్కించి ఒక తరానికి గురుస్థానీయుడయ్యాడు.

ఇంతటి ఆదరణ పొందిన వాద్యం అయినప్పటికీ, అంగడికి వెళ్ళి మేలైన మౌత్ ఆర్గాన్ ఇవ్వమని అడిగితే చేతికి వచ్చేది జర్మనీదో, జపాన్‌దో, చౌక రకమైతే చైనాదో అయి ఉంటుంది. లోపల పలికే సూత్రం హార్మోనియానిదీ, మౌత్ ఆర్గాన్‌దీ ఒక్కటే. మొదటిదాన్ని మన దేశం దాదాపు నూటయాభై ఏళ్ళ కిందటే తనదిగా మలచుకున్నది. రెండవదాన్ని నేటికీ దిగుమతి చేసుకుంటున్నది. ఈ తేడా ఎందుకు వచ్చినదన్న ప్రశ్న సంగీత ప్రియులకు మాత్రమే పరిమితమైనది కాదు. అంకుర సంస్థల గురించి, స్వదేశీ తయారీ గురించి ఇంతగా చర్చ జరుగుతున్న ఈ రోజులలో ఒక చిన్న వస్తువును మేలుగా తయారు చేయడానికి ఏమేమి కావాలో తెలుసుకొనేందుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇత్తడి నాలుక కథ

ఈ రెండు వాద్యాలకూ ప్రాణం రీడు. సన్నని ఇత్తడి రేకును నాలుక ఆకారంలో కోసి, ఒక కొసను లోహపు పలకకు బిగించి, రెండవ కొసను స్వేచ్ఛగా వదలివేస్తారు. నాలుక కింద పలకలో సరిగ్గా దానంత మేరకే సన్నని చీలిక ఉంటుంది. గాలి ఒత్తిడి తగలగానే నాలుక ఆ చీలికలోనికీ వెలుపలికీ ఊగుతూ గాలిని తుంచి తుంచి వదులుతుంది. అదే నాదం. నాలుక పొడవు, మందం, బరువులను బట్టి స్వరం మారుతుంది. కొస వద్ద కాస్త గీకి బరువు తగ్గిస్తే స్వరం పెరుగుతుంది. మొదలు వద్ద గీకి పలుచన చేస్తే స్వరం దిగుతుంది. శ్రుతి చేయడమంటే ఈ గీకుడే.

సూత్రం ఇంత సులువే గాని ఆచరణ సులువు కాదు. నాలుకకూ చీలిక అంచుకూ నడుమ ఉండవలసిన ఎడం మిల్లీమీటరులో కొన్ని నూరోవంతులు మాత్రమే. ఎడం ఎక్కువైతే గాలి వృథాగా పోయి వాయించేవాని ఊపిరి అలసిపోతుంది. తక్కువైతే నాలుక అంచుకు తగిలి గరగరలాడుతుంది. సెకనుకు 440 సార్లు ఊగే స్వరాన్ని గంటసేపు ఆపకుండా పలికిస్తే ఆ నాలుక 15 లక్షల సార్లకు పైగా వంగి లేస్తుంది. రేకు నాణ్యత ఏమాత్రం చాలకపోయినా లోహం అలసి బీట వారుతుంది.

ఈ సూత్రం ఐరోపావారి సొత్తు కూడా కాదు. చైనాలో 'షెంగ్' అనే వెదురు వాద్యం అతి ప్రాచీనమైనది. మన ఈశాన్య రాష్ట్రాలలో మిజోలు వాయించే 'రోచెమ్', కుకీలు వాయించే 'గోసెమ్', బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండలలో మ్రూ తెగవారు వాయించే 'ప్లుంగ్' ఈ కుటుంబానికి చెందినవే. ఎండిన సొరబుర్రకు వెదురు గొట్టాలు అమర్చి నోటితో ఊదే వాద్యాలివి. అసలైన అర్థంలో ఈ ఉపఖండపు స్వదేశీ మౌత్ ఆర్గాన్లు ఇవే. అయితే అవి పండుగలకూ, నృత్యాలకూ పరిమితమై కొండలలోనే ఉండిపోయాయి. మైదానాలకు చేరినది ఐరోపా నుంచి ఓడలో వచ్చిన వాద్యమే.

కలకత్తాలో ఒక చిన్న సంస్థ

పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబెయిన్ 1840 దశకం ఆరంభంలో హార్మోనియానికి పేటెంటు పొందాడు. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించే పెద్ద పెట్టె అది. క్రైస్తవ మిషనరీలూ, తెల్లదొరల కుటుంబాలూ దానిని భారతదేశానికి తెచ్చుకున్నారు. ఇక్కడి వాతావరణానికి దాని కొయ్య భాగాలు తట్టుకోలేకపోయేవి. నేలమీద కూర్చుని పాడే మన గాయకులకు కుర్చీ వేసుకుని వాయించే వాద్యం ఇముడలేదు.

1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నెలకొల్పిన 'ద్వార్కిన్' సంస్థ ఈ చిక్కును విప్పినది. కాలి తిత్తిని తీసివేసి, వెనుక చేతితో ఊదే తిత్తి అమర్చి, లోపలి యంత్రాంగాన్ని తేలిక చేసి, చాపమీద పెట్టుకుని వాయించదగిన పెట్టెగా హార్మోనియాన్ని మార్చడంలో, ప్రచారంలోనికి తేవడంలో ఆ సంస్థ ముఖ్యపాత్ర వహించింది. నేటి పరిభాషలో చెప్పాలంటే అదొక అంకుర సంస్థ. విదేశీ వస్తువును నకలు చేయడంతో సరిపెట్టుకోక, కొనేవాడు ఎలా కూర్చుంటాడో, ఎలా పాడతాడో, ఎంత ఖర్చు పెట్టగలడో గమనించి వస్తువునే మార్చివేసింది. 1915 నాటికి భారతదేశం హార్మోనియం తయారీలో ప్రపంచంలో అగ్రస్థానానికి చేరుకున్నది.

తెలుగు నేలపై ఆ పెట్టె ఎంతటి పని చేసినదో వేరుగా చెప్పనవసరం లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం మొదలుకొని, పద్యనాటకాన్ని పల్లెపల్లెకూ మోసుకుపోయిన సమాజాలన్నింటికీ హార్మోనియమే ఆధారం. రాగాలాపనతో పద్యం తారస్థాయికి చేరినప్పుడు రంగస్థలం పక్కన కూర్చున్న హార్మోనిస్టు అందించే శ్రుతి మీదే నటుని గొంతు నిలబడేది. భజన మందిరాలలో నేటికీ అదే పెట్టె మోగుతున్నది.

దీనికి విరోధులు లేకపోలేదు. మెట్టుకు మెట్టుకు నడుమ జారుడు లేని ఈ వాద్యం గమకాలను పలికించలేదనీ, దాని శ్రుతులు మన సంగీతానికి పొసగవనీ విమర్శ వచ్చింది. రవీంద్రనాథ్ ఠాకూర్ దానిని ఇష్టపడలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. మూడు దశాబ్దాలకు పైగా ఆకాశవాణి తలుపులు మూసుకున్నా, హార్మోనియం తయారీ ఆగలేదు. ప్రజలు కొంటూనే ఉన్నారు గనుక కార్ఖానాలు నడుస్తూనే వచ్చాయి.

పాలిటానాలో తిరిగిన మలుపు

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. తొలి దశాబ్దాలలో పెట్టె స్వదేశీ, తిత్తి స్వదేశీ, మెట్లు స్వదేశీ. లోపలి రీడ్లు మాత్రం జర్మనీ నుంచీ, ఫ్రాన్సు నుంచీ వచ్చేవి. పాత హార్మోనియాలలోని జర్మన్ రీడ్ల కోసం నేటికీ కొందరు వాద్యకారులు వెతుకుతూ ఉంటారు. రెండవ ప్రపంచ యుద్ధంతో ఆ సరఫరా తెగిపోయింది. స్వాతంత్ర్యానంతరం దిగుమతి ఆంక్షలు వచ్చాయి. అప్పుడు ఆదుకొన్నది గుజరాత్‌లోని పాలిటానా.

భావనగర్ జిల్లాలోని పాలిటానా శత్రుంజయ పర్వతం వల్ల జైనులకు పరమ పుణ్యక్షేత్రం. హార్మోనియం తయారీదారులకు మాత్రం అది రీడ్ల ఊరు. ఇత్తడి పలకలో చీలిక కోసి, నాలుకను బిగించి, ఆకురాయితో గీకి శ్రుతికి తెచ్చే పని అక్కడ చేతి వృత్తిగా నిలదొక్కుకున్నది. మూడున్నర స్థాయిల హార్మోనియంలో 42 మెట్లుంటాయి. మెట్టుకు రెండేసి రీడ్లయితే 84 రీడ్లు కావాలి. ఆ ప్రతి రీడునూ ఒక మనిషి చెవి ఒప్పుకోవాలి. కలకత్తాలోనూ, ఢిల్లీలోనూ, మహారాష్ట్రలోనూ పెట్టెల మీద పేరు ఎవరిదైనా లోపల పలికేది తరచుగా పాలిటానా ఇత్తడే.

హార్మోనియం నిజంగా మనదైనది రీడు మన చేతిలో తయారైననాడే. పెట్టె చేయగలిగి రీడు చేయలేని దేశం కూర్పుదారు మాత్రమే అవుతుంది గాని తయారీదారు కాజాలదు. నేడు సెల్‌ఫోన్ల విషయంలోనూ, సౌరఫలకాల విషయంలోనూ జరుగుతున్న చర్చ సారాంశం కూడా ఇదే గదా!

ఇరవై నాలుకల లెక్క

మరి హార్మోనియం రీడు చేయగలిగినవారు మౌత్ ఆర్గాన్ రీడు ఎందుకు చేయలేదు? మొదటి కారణం పరిమాణం. హార్మోనియం రీడు చేతితో గీకి దిద్దడానికి వీలైనంత పెద్దది. దానికి గాలినిచ్చేది తిత్తి. మౌత్ ఆర్గాన్ రీడుకు గాలినిచ్చేది మనిషి ఊపిరి. ఆ ఊపిరికి బలం తక్కువ, తేమ ఎక్కువ. అందుచేత నాలుక మరింత చిన్నదిగా, చీలిక మరింత బిగువుగా, లోహం మరింత దృఢంగా ఉండాలి. పెదవులకు తగిలే వస్తువు గనుక సీసం కలిసిన ఇత్తడి పనికిరాదు.

రెండవ కారణం లెక్కలో ఉన్నది. పది రంధ్రాల సాధారణ మౌత్ ఆర్గాన్‌లో ఊదినప్పుడు పది, పీల్చినప్పుడు పది, మొత్తం 20 రీడ్లుంటాయి. ఒక కార్ఖానాలో నూటికి 95 రీడ్లు బాగా వస్తున్నాయనుకుందాం. వినడానికి మంచి ఫలితమే. కాని ఇరవైకి ఇరవై రీడ్లూ బాగున్న వాద్యాలు నూటికి 36 మాత్రమే తేలుతాయి. మిగిలిన 64 వాద్యాలను విప్పి సరిదిద్దవలసిందే. నూటికి 99 రీడ్లు బాగా వచ్చినా, తొలిసారికే నెగ్గే వాద్యాలు 82 మించవు. పన్నెండు రంధ్రాల క్రోమాటిక్ రకంలో 48 రీడ్లుంటాయి గనుక ఈ లెక్క మరింత కఠినం. కొత్తగా ప్రారంభించిన సంస్థ పెట్టుబడి అంతా సరిదిద్దే బల్ల మీదనే కరిగిపోయేది ఇందువల్లనే.

ఈ మాట ఊహ కాదు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో హారిసన్ హార్మోనికాస్ అనే చిన్న సంస్థ ఇటువంటి సాహసమే చేసింది. మేలురకం మౌత్ ఆర్గాన్లు స్వదేశంలోనే చేయాలన్నది దాని సంకల్పం. 'బి-రాడికల్' పేరిట అది తెచ్చిన వాద్యాన్ని నిపుణులైన వాద్యకారులే మెచ్చుకున్నారు. ధర సాధారణ రకాలకంటె ఎన్నో రెట్లు ఎక్కువైనా ముందుగానే డబ్బు కట్టి వేచి ఉన్నవారున్నారు. కాని తయారీ ఆ ఆదరణకు తగిన వేగాన్ని అందుకోలేకపోయింది. 2011లో సంస్థ మూతపడింది. డబ్బు కట్టిన పలువురికి వాద్యం చేరనేలేదు. గిరాకీ లేక మూతపడిన సంస్థలను అందరూ ఎరుగుదురు. గిరాకీ ఉండీ, వస్తువు మంచిదై ఉండీ, తగినన్ని తయారు చేయలేక మూతపడడం మరింత విచారకరం.

దీనికి భిన్నంగా జర్మనీలో హోనర్ కథ నడిచింది. గడియారాలు చేసే మాథియాస్ హోనర్ 1857లో ట్రోసింగెన్ గ్రామంలో ఇంటి పట్టున మౌత్ ఆర్గాన్లు చేయడం మొదలుపెట్టాడు. మొదటి సంవత్సరం తయారైనవి 650. ఆయన చుట్టూ ఉన్నది గడియారాల పని తెలిసిన ప్రాంతం. చిన్న ఇత్తడి ముక్కను కొలతకు కోయగల చేతులు అక్కడ ముందే ఉన్నాయి. ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, చేతిపనిని యంత్రానికి అప్పగిస్తూ ఆ సంస్థ ప్రపంచ విపణిని ఆక్రమించింది. 1847 నాటి సీడెల్ సంస్థ క్లింగెన్‌తాల్‌లో నేటికీ వాద్యాలు చేస్తూ, ఇత్తడికి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ రీడ్లను ప్రవేశపెట్టింది.

సౌరాష్ట్రలో అన్నీ ఉన్నాయి

ట్రోసింగెన్‌కు ఉన్న వసతులు మనకు లేవా? ఉన్నాయి. విశేషమేమంటే అవన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. రీడును శ్రుతి చేయగల చెవులు పాలిటానాలో ఉన్నాయి. ఇత్తడి విడిభాగాలకు జామ్‌నగర్ దేశమంతటికీ పేరెన్నికగన్నది. యంత్ర పరికరాలకు రాజ్‌కోట్ ప్రసిద్ధి. గోడ గడియారాలకు మోర్బీ పెట్టినది పేరు. ఇవన్నీ సౌరాష్ట్రలోనివే. ఈ నాలుగు ఊళ్ళ నైపుణ్యం ఒక్కచోట కలిస్తే మేలైన మౌత్ ఆర్గాన్ తయారు కాకపోవడానికి కారణం కనిపించదు.

అయితే లోపాలనూ గుర్తించాలి. జామ్‌నగర్ ఇత్తడిలో అధికభాగం తుక్కు కరిగించి, సులువుగా కోతపడేందుకు సీసం కలిపి చేసేది. కుళాయి భాగాలకు, విద్యుత్ పరికరాలకు అది చాలును. లక్షల సార్లు వంగి లేవవలసిన రీడుకు చాలదు. దానికి శుద్ధమైన, చల్లగా సాగగొట్టిన స్ప్రింగు రేకు కావాలి. పాలిటానా పనివారి చెవి గొప్పదే గాని మిల్లీమీటరులో నూరోవంతులను ప్రతిసారీ ఒకేలా కోయడం ఆకురాయితో అయ్యే పని కాదు. కంప్యూటర్ ఆధారిత కోత యంత్రం అందుకు అవసరం. యంత్రం కోసిన దానిని చివరగా దిద్దే పని మాత్రం ఏ దేశంలోనైనా మనిషి చెవిదే.

కొనేవారి సంగతి? 2001 ఏప్రిల్‌లో దిగుమతులపై పరిమాణాత్మక ఆంక్షలు పూర్తిగా తొలగిన తర్వాత చైనా వాద్యాలు చౌకగా దొరకడం సులువైంది. చౌకలో వారితో పోటీపడబూనడం తెలివితక్కువ. ద్వార్కిన్ చేసినట్లు వస్తువునే మన అవసరానికి మార్చడం దారి. మన గాయకులు 'ఒకటిన్నర శ్రుతి', 'ఐదున్నర శ్రుతి' అని తమ గొంతుకు తగిన ఆధార షడ్జమాన్ని ఎంచుకుంటారు. విదేశీ మౌత్ ఆర్గాన్లను శ్రుతి చేసేది పాశ్చాత్య సంగీతం కోసం. మన స్వరస్థానాలకు సరిపడే శ్రుతితో వాద్యం చేసి ఇవ్వగలవాడు మన తయారీదారే. విద్యాధర్ ఓక్ అనే మరాఠీ వైద్యుడు 22 శ్రుతుల హార్మోనియాన్ని రూపొందించి ఇటువంటి ప్రయత్నానికి దారి చూపాడు.

జాబితాలో లేని వృత్తి

ప్రభుత్వం ఏమి చేస్తున్నదన్నది తదుపరి ప్రశ్న. 2016 జనవరిలో ప్రారంభమైన స్టార్టప్ ఇండియా పథకం కొత్త సంస్థలకు పన్ను రాయితీలు ప్రకటించింది. 2017లో వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినప్పుడు చేతితో చేసిన స్వదేశీ వాద్యాలకు మినహాయింపు లభించింది. ఇవి మెచ్చదగినవే. కాని 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకాన్ని చూడండి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి మొదలుకొని పడవలు చేసేవారు, బొమ్మలు చేసేవారు, చేపల వలలు అల్లేవారి వరకు 18 వృత్తులను అందులో చేర్చారు. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు రుణం అందులోని సదుపాయాలు. ఆ 18 వృత్తులలో వాద్యాలు చేసేవారికి చోటు లేదు. పాలిటానా రీడు పనివానికే కాదు, పనసమానును తొలిచి ఏకాండి వీణను తీర్చిదిద్దే మన బొబ్బిలి కళాకారునికి సైతం ఆ జాబితాలో పేరు లేదు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించి ఏళ్ళు గడిచాయి. గుర్తింపు పత్రం గోడకు వేలాడదీసుకోవచ్చు గాని, దానితో రుణం పుట్టదు.

ఈ జాప్యానికి మూల్యం ఉన్నది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు, కీబోర్డులు హార్మోనియం స్థానాన్ని ఇప్పటికే చాలాచోట్ల ఆక్రమించాయి. సెల్‌ఫోన్‌లో తంబురా మోగుతున్నది. హార్మోనియానికి పెద్ద అండగా ఉన్న సిక్కుల కీర్తన సంప్రదాయంలోనూ మార్పు గాలి వీస్తున్నది. స్వర్ణమందిరంలో మూడేళ్ళలో హార్మోనియాన్ని క్రమంగా తొలగించి ప్రాచీన తంత్రీవాద్యాలను ప్రవేశపెట్టాలని 2022 మే నెలలో అకాల్ తఖ్త్ సూచించింది. ఆ మత సంప్రదాయానికి అది సబబైన నిర్ణయమే కావచ్చు. కాని రీడు గీకి బతికే కుటుంబానికి అది గిరాకీ తగ్గుతుందన్న హెచ్చరిక. గిరాకీ తగ్గిన వృత్తిలోనికి కొడుకును దింపడానికి ఏ తండ్రీ సాహసించడు. ఒక తరం ఆ పని నేర్చుకోకపోతే, ఆ తర్వాత ఎన్ని కోట్ల యంత్రాలు తెచ్చినా శ్రుతి దిద్దే చెవి దొరకదు.

అందుకే స్వదేశీ మౌత్ ఆర్గాన్ అన్నది కేవలం సరదా ఆలోచన కాదు. తరిగిపోతున్న ఒక నైపుణ్యానికి కొత్త పని చూపించే మార్గమది. ఈ పనికి పూనుకొనే యువ పారిశ్రామికవేత్త రాక్‌ఫర్డ్ అనుభవాన్ని మననం చేసుకోవాలి. పది రకాలు ప్రకటించే బదులు ఒక్క శ్రుతిలో, ఒక్క రకంతో ఆరంభించాలి. చేతికి వచ్చిన వాద్యాన్నే అమ్మాలి గాని చేయబోయేదాన్ని కాదు. నూటికి 99 రీడ్లు నిలిచేదాకా విస్తరణ జోలికి పోరాదు. ప్రభుత్వం తన వంతుగా వాద్య తయారీదారులను విశ్వకర్మల జాబితాలో చేర్చి, మేలైన స్ప్రింగు రేకూ, పరీక్షా పరికరాలూ ఉమ్మడిగా వాడుకొనే వసతిని సౌరాష్ట్రలో ఒకచోట నెలకొల్పితే చాలును. దానికి అయ్యే ఖర్చు ఒక పెద్ద కర్మాగారానికి ఇచ్చే రాయితీలో అణుమాత్రం.

650 వాద్యాలతో ట్రోసింగెన్ మొదలైంది. చాపమీద ఇమిడే ఒక పెట్టెతో కలకత్తా మొదలైంది. పాలిటానాలో ఆకురాయి పట్టిన చేతులు ఇంకా పనిలో ఉన్నాయి. ఆ చేతులు ఆగిపోకముందే వాటి పక్కన ఒక కోత యంత్రాన్ని నిలబెట్టడం నేడు జరగవలసిన పని.